మా ప్రకృతి రచయిత గురించి

బరంపురం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గడువుకు ఏనాడూ వ్యాసం ఇవ్వని మనిషిని పత్రికలో ఇన్నాళ్ళుగా ఎందుకు అట్టిపెట్టుకున్నావని అడిగావు గనుక, కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

ఆయన రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట మన తెలుగు జాలరిపల్లెలో పుట్టి, ఆ చుట్టుపక్కల బడుల్లోనే పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ప్రూఫు అంచున నేను ఆయనకు రాసే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇది మీరు చూసిందా, విన్నదా? ఆలివ్ రిడ్లే తాబేళ్ళ వ్యాసంలో, ఎండ ముదిరిన ఏడాది పిల్లల్లో ఆడవే ఎక్కువ కనిపించాయని రాశారు. ఇసుక వేడిని బట్టే గుడ్డులోని పిల్ల ఆడదో మగదో తేలుతుందని, వేడి పెరిగితే ఆడవి ఎక్కువవుతాయని శాస్త్రజ్ఞులు నిర్ధారించిన మాట నిజమే. అయితే అప్పుడే ఇసుకలోంచి బయటపడ్డ పిల్లను పైపైన చూసి ఆడో మగో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ సంగతే అంచున రాశాను. ఆయన శాస్త్రం మాటను శాస్త్రానికే వదిలి, తాను చూసినది వేరే వాక్యంగా రాసి పంపారు: మిట్టమధ్యాహ్నం ఇసుక మీద కాలు మోపలేక, అలల తడి అంచు పట్టుకుని ఊరిదాకా నడిచిన సంగతి. ఆ పేరాకు ప్రాణం పోసింది ఆ వాక్యమే.

అసలు వాదన అలుగు, అంటే ఒళ్ళంతా పొలుసులుండే పాంగోలిన్, వ్యాసం దగ్గర వచ్చింది. గజపతి జిల్లా కొండల్లో ఒక బొరియను ఊరి పేరు, వాగు పేరు, పక్కనున్న చెట్టుతో సహా వర్ణించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఇచ్చే జాబితాలో, ఉన్న ప్రాణి అది. 2017 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం కూడా నిషిద్ధం. అయినా పొలుసుల కోసం వేట ఆగలేదు. సాధారణంగా కాన్పుకు ఒక్క పిల్లనే కనే జీవి, బెదిరితే పారిపోకుండా ఉండచుట్టుకుపోయే జీవి. వేటగాడు చేత్తో ఎత్తి గోనెసంచిలో వేసుకోగలడు. అందుకే పేర్లు తీసేద్దామన్నాను. చోటు చెప్పని వ్యాసం కట్టుకథలా ఉంటుందని ఆయన పట్టుబట్టారు. ఆ మాటలోనూ న్యాయముంది. పర్లాకిమిడి బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీలు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. చివరికి ఊరూ వాగూ చెట్టూ పోయాయి. ఎర్రమట్టి, తవ్విపోసిన మట్టిమీద గోళ్ళ గీతలు, చీల్చిన చెదపుట్ట, ఆ పుట్ట మీద మళ్ళీ తడిమట్టి మెత్తుతున్న చెదలు మిగిలాయి. ఆ పేజీ ఇప్పుడు చదివినా నాకు గర్వంగా ఉంటుంది.

పిట్టల పేర్లు, తీరంలో వాడే మాటలు నేను ముట్టుకోను. పారితోషికం చిన్నదే, కానీ సంచిక వెలువడిన వారంలోనే పంపుతాను. రాసినవారి చేత అడిగించుకోవడం సంపాదకుడికి మర్యాద కాదు.

ఇక ఆలస్యం సంగతి. రాసినదాన్ని సరిచూసుకోవడానికి ఆయన మళ్ళీ అక్కడికి వెళ్తారు, అందుకే ఆలస్యం. మహేంద్రగిరి వ్యాసం ఈ నెలకే రావాలి; వానల్లో కొండ దారి జారుడుగా ఉంటుంది గనుక దసరా దాటాకే ఎక్కుతానని కబురు పంపారు. ఆ పేజీలకు వేరే వ్యాసం సర్దాను. ఆయనది ఎప్పుడు వస్తే అప్పుడే వేస్తాను.

నీ మిత్రుడు