కదిలే కుర్చీ ఎందాకా వచ్చిందంటే

హన్మకొండలో మన గేమింగ్ సెంటర్‌కు వచ్చేవాళ్లందరికీ తెలిసిందే, వెనక గదిలో ఒక కదిలే కుర్చీ తయారవుతోంది. రేసింగ్ గేమ్‌లో కారు ఎటు ఊగితే అటు ఊగే కుర్చీ. వేసవి సెలవులకే మొదలుపెడతామని గోడకు కాగితం అంటించాం. సెలవులు అయిపోయాయి, బడులు తెరిచారు, కాగితం మాత్రం అలాగే ఉంది. "అన్నా, కుర్చీ ఎప్పుడు?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ తలా ఒక ముక్క చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాద్దామని కూర్చున్నా.

కుర్చీ కదులుతోంది. కానీ డబ్బులు తీసుకుని మనుషుల్ని ఎక్కించేంతగా ఇంకా కుదురుకోలేదు. దసరా సెలవులకు అనుకుంటున్నా. మళ్లీ కాగితం అయితే అంటించను.

ముందు ఆశలు కొంచెం తగ్గించాలి. ఎగ్జిబిషన్లలో పెట్టే పెద్ద ఊగుడు సీట్లు చూసి, ఇదీ అట్లాగే ఎత్తి కుదేస్తుందనుకుంటే మీకు నిరాశే. మనది ముందుకు వెనక్కి, కుడికి ఎడమకి వంగుతుంది, అంతే. పైకి లేవదు. వంగడం కూడా 10 డిగ్రీలు దాటదు. అది చాలు. మన చెవి లోపల బ్యాలెన్స్ చూసుకునే భాగం ఒకటుంది. ఒళ్లు వెనక్కి వాలిందా, బండి ముందుకు దూకిందా అన్నది దానంతట దానికి సరిగా తెలియదు, కళ్లు సాక్ష్యం చెప్పాలి. కళ్లేమో స్క్రీన్ మీద దూసుకొచ్చే రోడ్డును చూస్తుంటాయి. అందుకే కుర్చీ వెనక్కి వాలగానే వీపు మీద పడ్డ బరువును మెదడు బండి స్పీడు కింద లెక్కేసుకుంటుంది. 10 డిగ్రీలు వాలితే ఒంటి బరువులో దాదాపు 17 శాతం వీపు మీదికి వస్తుంది. నిజం కారులో గట్టిగా బ్రేక్ కొడితే ఒంటి మీద పడే బలం దీనికి నాలుగైదు రెట్లు ఉంటుంది. అది ఇక్కడ దొరుకుతుందని నేను చెప్పను.

ఇది నా సొంత తెలివి అనుకుని కొందరు మెచ్చుకుంటున్నారు, ఆ మాటా తేల్చేస్తా. 1929లోనే అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన విమానం నడపడం నేర్పే ఊగే యంత్రం చేశాడు. వాళ్ల నాన్నది పియానోలు, ఆర్గన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆర్గన్‌కు వాడే గాలి తిత్తులు, పంపులతోనే ఆ యంత్రాన్ని ఊగించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకు దాని మీదే శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు ఇంట్లో కుర్చీలు చేసుకునేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు, నేనూ వాళ్ల దారిలోనే పోతున్నా.

తిత్తుల బదులు మన దగ్గర రెండు వైపర్ మోటార్లు, కారు ముందద్దం తుడిచే పుల్లలను తిప్పేవి. పాత కారు సీటు కింద, మధ్యలో, జీపు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు వాడే క్రాస్, అంటే ఎటైనా వంగే కీలు, ఒకటి బిగించాం. మొత్తం బరువు దాని మీదే. వెనకాల రెండు వైపులా మోటార్లు, వాటి నుంచి సీటుకు రాడ్లు. రెండు రాడ్లూ ఒకేసారి కిందికి గుంజితే సీటు వెనక్కి వాలుతుంది, ఒకటి పైకి ఒకటి కిందికి పోతే పక్కకు ఒరుగుతుంది. స్టీరింగ్, పెడల్స్, స్క్రీన్ కదలవు. మొత్తం ఫ్రేమునే ఊపే పద్ధతి కూడా ఉంది, కానీ దానికి పెద్ద మోటార్లు కావాలి, గది కావాలి, మనం మేడ మీద ఉన్నాం కాబట్టి కింది షాపు ఆయన ఓపిక కూడా కావాలి. సీటు ఒక్కటే కదలడంలో ఒక ఇబ్బంది ఉంది, వెనక్కి వాలినప్పుడు కాలికి పెడల్ కాస్త దూరమవుతుంది. వంగుడు తక్కువ పెట్టడానికి అదీ ఒక కారణం.

ఇంత ఆలస్యం ఎందుకంటే, సెన్సర్లు సతాయించాయి. గేమ్ నుంచి కారు కదలికల లెక్కలు సిమ్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌కు, అక్కడి నుంచి మోటార్లకు ఎటు తిరగాలో చెప్పే ఆర్డుయినో అనే చిన్న బోర్డుకు వస్తాయి. మోటారు ఇప్పుడు ఎక్కడుందో బోర్డుకు తెలియాలి కదా, అందుకు మొదట మామూలు పొటెన్షియోమీటర్లు పెట్టాం, పాత రేడియోలో సౌండ్ తిప్పే నాబ్ వెనక ఉండేవి. అవి లోపల రాసుకుంటూ తిరుగుతాయి. దుమ్ము పడ్డచోట, అరిగినచోట రీడింగ్ ఒక్కసారిగా ఎగురుతుంది. ఫలితం, బండి ఆపి ఉంచినా సీటు సన్నగా వణుకుతూ గుయ్‌మంటుంది, ఉన్నట్టుండి ఒక్క కుదుపు కుదుపుతుంది. మెడ పట్టేసేంత కుదుపు. ఇప్పుడు అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లకు మార్చాం. షాఫ్ట్ చివర చిన్న అయస్కాంతం, ఎదురుగా సెన్సర్, మధ్యలో ఖాళీ. రాసుకునేదేమీ లేదు కాబట్టి అరిగేదీ లేదు. వణుకు పోయింది.

పరీక్ష మాత్రం మనుషుల మీద చేయడం లేదు. సీట్లో 25 కిలోల బియ్యం సంచులు మూడు పెట్టి, బెల్టు వేసి, ట్రాక్ అంతా తిప్పుతున్నాం. కింది షాపు ఆయన పైకొచ్చి చూసి "ఏందన్నా, బియ్యం సంచులను మేడారం జాతరకు తీస్కపోతున్నవా?" అన్నాడు. నవ్వుకున్నా, ఆ సంచులతోనే అసలు విషయం తెలిసింది. మూడు సంచుల దాకా చురుగ్గా ఉంది. ఇంకో చిన్న సంచి వేయగానే కదలిక బద్ధకంగా అవుతోంది, మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు వేడెక్కుతోంది. దాని మీద 43 ఆంపియర్లని రాసి ఉంటుంది, అందులో సగం కూడా కాకముందే చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఫ్యాను పెట్టాం, అయినా 80 కిలోలు దాటినవాళ్లను ఇప్పుడప్పుడే ఎక్కించను. నేను 86. అంటే నా కుర్చీ నాకే లేదు. పెద్ద గేర్ మోటార్లు వేస్తే ఈ హద్దు పోతుంది, కానీ ముందు దీని మీద నాలుగు డబ్బులు రావాలి.

మిగిలిన పని ఎర్ర బటన్ది. కుడి చేతి దగ్గర ఒకటి, కౌంటర్ దగ్గర ఒకటి. ఎవరు కొట్టినా మోటార్లకు కరెంటు ఆగిపోవాలి, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా. వైరింగ్ సగమైంది. కరెంటు పోతే సీటు దబ్బున పడుతుందేమోనని ఒక అమ్మ అడిగారు. పడదమ్మా. వైపర్ మోటార్ లోపల వార్మ్ గేర్ ఉంటుంది, మోటారు తిప్పితేనే అది తిరుగుతుంది, పైనుంచి బరువు నొక్కినా వెనక్కి రాదు. సీటు ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది, మనం దిగొచ్చు.

రేటు 15 నిమిషాలకు 80 రూపాయలు. అంతకన్నా ఎక్కువసేపు మొదటిసారే వద్దు, కొందరికి కడుపులో తిప్పుతుంది. గర్భిణులు, మెడ నొప్పి, నడుం నొప్పి, ఫిట్స్, కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు దయచేసి అడగొద్దు. పెడల్ అందని పిల్లలను కూడా ఎక్కించం, ఒళ్లో కూర్చోబెట్టుకుంటామన్నా సరే. అసెట్టో కోర్సా, డర్ట్ ర్యాలీ, యూరో ట్రక్ గేములు ఉంటాయి. ఫోన్ గేములు దీనికి పనికిరావు, అవి లెక్కలు బయటికి పంపవు.

మామూలు సీట్ల రేటు పెంచడం లేదు. కుర్చీకి అడ్వాన్స్ ఇస్తామని కొందరు ముందుకొచ్చారు, తీసుకోను. పుట్టినరోజు బుకింగ్‌లలో ఈ కుర్చీని లెక్కేసుకోకండి, ఇప్పటికే అలా అనుకుని మాట్లాడుకున్నవాళ్లు ఒకసారి కౌంటర్ దగ్గర కలిస్తే తేదీ మార్చుకోవడమో డబ్బులు వాపసో, మీ ఇష్టం.