మంత్రి గారూ, పుబ్బ కార్తెలో ఒకసారి మా చేనికి రండి

రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి, అనంతపురం జిల్లా నార్పల మండలం చెనక్కాయ రైతు నమస్కరించి రాసే బహిరంగ లేఖ.

అయ్యా,

'ఉత్తర చూసి ఎత్తర గంప' అని మా పెద్దోళ్ళ మాట. ఉత్తర కార్తెకీ వాన రాకుంటే ఊరు విడిచి పొమ్మని. ఒక ఏడు పదును చూసుకొని జూలైలో విత్తినాను. సరిగ్గా కాయ కట్టే ఊడలు చెట్టు నుంచి నేలలోకి దిగే వేళకు నెల రోజులు చుక్క పడలేదు. చెట్టు పీకి చూస్తే ఊడలు సూదుల మాదిరి ఎండిపోయినాయి, ఒక్కటీ నేలలోకి దిగలేదు. బీమా కోసం పోతే మండల కేంద్రంలో వాన నమోదైంది కదా అన్నారు. అక్కడికి మా ఊరు తొమ్మిది కిలోమీటర్లు. ఆ వాన మా చేనికి రాలేదయ్యా.

బీమా పథకం కేంద్రానిదే. కానీ ఏ పంటకు, ఏ ప్రాంతానికి, ఎక్కడి వాన లెక్క పట్టుకోవాలో నోటిఫై చేసేది రాష్ట్రమే. వాతావరణ మార్పు విషయమంతా ఇట్లాగే ఉంది. కేంద్రం 2008లో 8 మిషన్లతో జాతీయ ప్రణాళిక తెచ్చి, మరుసటి ఏడు రాష్ట్రాలను సొంత ప్రణాళికలు రాసుకోమంది. సేద్యం, నీళ్ళు రాజ్యాంగం ప్రకారం మీ చేతిలోవి కాబట్టే.

రాష్ట్రాల అనుభవం ఢిల్లీ దాకా పోయిన దాఖలాలు మా కళ్ళముందే ఉన్నాయి. మహారాష్ట్ర కరువులో పుట్టిన ఉపాధి హామీ దేశమంతటికీ చట్టమై, 2006 ఫిబ్రవరి 2న మా మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ప్రకృతి సేద్యాన్ని మన రాష్ట్రం 2016లోనే పెద్ద ఎత్తున చేపట్టింది. దానికి జాతీయ మిషన్‌ను కేంద్రం ఆమోదించింది 2024 నవంబరులో. ఆ సేద్యం చేసే మా పక్క చేని అక్క వానలకు ముందే నవధాన్యాలు చల్లింది. మే నెల ఎండలో చుట్టూ ఎర్రమన్ను కాగుతుంటే ఆ ఒక్క చేనే పచ్చగుండింది. మొక్కల కింద మన్ను పిడికిట పడితే ముద్దయింది, నేనే పట్టి చూసినాను.

దేశం సౌర విద్యుత్ లెక్కలో సోలార్ పార్కులున్న మన ఎన్‌పీ కుంట, గని ఊర్ల ఎండ ఉంది. మా వాన లెక్క కూడా ఉండాలి. రాష్ట్ర వాతావరణ ప్రణాళికను ఈసారి సవరించే ముందు మెట్ట ఊర్లలో గ్రామసభలు పెట్టించండి, అదీ విత్తనానికి ముందే. జూన్ దాటితే మేము చేలల్లో ఉంటాము. బీమాకు ఊరికొక వానమాపకం పెట్టి, ఆ లెక్కనే నోటిఫై చేయండి. ఇక్కడ కుదిరినదాన్ని రాష్ట్రం మాటగా ఢిల్లీలో గట్టిగా అడగండి.

పుబ్బ కార్తెలో ఒక పూట రండి. చెట్టు పీకి ఊడలు చూపిస్తాను.

ఇట్లు,
నార్పల మండలం మెట్ట రైతు