కారు లెక్కలో డ్రైవర్ ఏడండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

దూరపు ఊరికి వెళ్ళాలంటే రైలు మేలా కారు మేలా అని మాట వస్తే చాలు, అందరూ ఒకే లెక్క వేస్తారండీ. నలుగురికి టికెట్లు ఇంత, పెట్రోల్ ఇంత, కారే చవక, అయిపోయింది. మా ఇంట్లోనూ ఏళ్ళ తరబడి ఇదే లెక్క, స్టీరింగ్ ముందు కూర్చునేది మాత్రం ప్రతిసారీ నేనే. ఆ లెక్కలో నేను ఎక్కడా లేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది, అందుకే ఈ ఉత్తరం.

ఒకసారి పగలంతా పని చేసి రాత్రికి బయల్దేరాం. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంది, పక్కన మా ఆవిడ, వెనక పిల్లలు మంచి నిద్రలో ఉన్నారు, నా కళ్ళు కూడా మూతపడిపోయాయి. రెండు సెకన్లో మూడు సెకన్లో తెలీదు, రోడ్డు అంచున ఉండే గరుకు గీతల మీద టైర్లు ఎక్కి బరబరమని చప్పుడొస్తే ఉలిక్కిపడ్డాను. బండి పక్కకి తీసి ఆపాక చేతుల వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కూర్చుని లెక్క కట్టాను, గంటకి 100 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు, మూడు సెకన్లంటే 80 మీటర్లకి పైనే, అంత దూరం నా పిల్లలు ఎవరూ నడపని బండిలో వెళ్ళారు.

17 గంటలు వరసగా మేలుకుని ఉంటే మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు చెప్తున్నాయి. తాగి బండి నడిపితే తప్పంటాం, నిద్ర చంపుకుని నడిపితే మాత్రం ఓపిక గల మనిషి అని మెచ్చుకుంటాం, ఇదేం పద్ధతండీ? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. రైల్లో కూడా ప్రమాదాలు జరుగుతాయి, కాదనను, కానీ అక్కడ నడిపే పని డ్యూటీ మీద ఉన్న మనిషిది, వెనక సిగ్నళ్ళు చూసే వ్యవస్థ ఉంటుంది, నేను నిద్రపోతే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

ఇక డబ్బు సంగతికొస్తే పెట్రోల్ ఒక్కటే ఖర్చు కాదు కదా, టైర్ల అరుగుదల, సర్వీసింగ్, టోల్, బండి పాతబడే కొద్దీ తగ్గే రీసేల్ విలువ, ఇవన్నీ ఆ కిలోమీటర్ల ఖాతాలోవే. స్పీడ్ పెంచితే ఇంధనం ఇంకా తాగుతుంది, 80 నుంచి 120కి వెళ్తే గాలి వెనక్కి నెట్టే బలం రెండింతలు దాటుతుంది. రైలుకైతే ఇనుప పట్టా మీద ఇనుప చక్రం, రబ్బరు టైరుకి రోడ్డు మీద ఉండే నిరోధంలో దానికి చిన్న వంతే. అయినా నిజం చెప్పాలి, బండి నిండా మనుషులుంటే ఇవన్నీ కలిపినా కారే చవక పడొచ్చు. ఒక్కరో ఇద్దరో అయితే నాకు తెలిసి రైలే.

రైలు ఓడిపోయేది మాత్రం స్టేషన్ బయటండీ. జపాన్‌లో 1964లో టోక్యో, ఒసాకా మధ్య షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు మొదలైంది, 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం ఇప్పుడు దాదాపు రెండున్నర గంటలే. అంత స్పీడ్ ఉన్నా దిగాక సిటీ రైలు సిద్ధంగా లేకపోతే ఆ మిగిలిన టైం అంతా పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ, రెండు పెట్టెలు, రాత్రి పదకొండు, బయట బస్సు లేదు, ఇలాంటప్పుడు కారు తీసినవాళ్ళని నేను తప్పుపట్టను. కొత్త రైళ్ళ గురించి పేపర్లో పెద్ద ఫోటోలు వేస్తారు, ఆ రైలు దిగినవాళ్ళు ఇంటికి ఎలా చేరతారో కూడా ఒకసారి రాయండి, ఆఖరి రైలు వచ్చే టైంకి బస్సు ఉందో లేదో మీ రిపోర్టర్లని నిలబడి చూడమనండి.

మా ఇంట్లో ఇప్పుడు ఒకటి అనుకున్నాం, నాలుగు గంటలు దాటే దారైతే రైలు, రాత్రి డ్రైవింగ్ అసలు వద్దు. వచ్చే నెలకి టికెట్లు తీసేశాం, అర్ధరాత్రి దిగాక స్టేషన్ నుంచి చుట్టాల ఇంటికి ఎలా వెళ్ళాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు