చోరీ జరిగిన వీధికే మళ్లీ ముప్పు
కాలనీల్లో నేరాలు తగ్గాయని లెక్కలు చూసి ధీమా పడలేం. లక్ష జనాభాకు ఇన్ని అని చెప్పే నేరాల రేటులోకి నమోదైన కేసులే వస్తాయి. మా వీధి మలుపులో దీపం వెలగక నెలలైంది. ఆ చీకట్లోనే ఒక ఇంటి తాళం పగిలింది. స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారులే అని వాళ్లు ఊరుకున్నారు. మూడు వారాలు తిరక్కుండానే పక్కింటి తాళమూ పగిలింది. ఆ ఇంటి పెద్దావిడ ఇప్పుడు పట్టపగలు కూడా గొళ్లెం తీయడం లేదు, బెల్ కొడితే కిటికీ సందులోంచే మాట్లాడుతున్నారు. దొంగలు పడిన ఇంటికీ, చుట్టుపక్కల ఇళ్లకీ తర్వాతి కొన్ని వారాలే ఎక్కువ ప్రమాదమని నేర పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. చోరీ తెలిసిన రోజే పోలీసులు ఇరుగుపొరుగును హెచ్చరించాలి, నెలపాటు ఆ వీధిలో రాత్రి గస్తీ పెంచాలి. చిన్న దొంగతనమైనా సరే, బాధితులను తిప్పించుకోకుండా కేసు రాసుకోవాలి. వీధిదీపాన్ని ముందు వెలిగించాలి.