ఏనుగు గుండు పేజీ తీసేయలేదు, బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో ఏనుగు గుండు గురించి "రాయే లేనప్పుడు రాళ్ళెక్కేవాళ్ళ గైడ్‌లో దాని పేజీ ఎందుకు నాన్నా, తీసెయ్" అన్నావు. సరే అన్నాను. రాత్రి భోజనం అయ్యాక తీసేద్దామనే కూర్చున్నాను, కానీ చేతులు రాలేదు. ఎందుకు రాలేదో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ముందు నేను చూసింది చెప్తాను. పోయిన ఆదివారం పొద్దున ఆరింటికే నార్సింగి దాటి వెళ్ళాను. మనం బండి పెట్టే వేపచెట్టు దగ్గర నుంచీ రేకులు కట్టేశారు. సందులోంచి చూస్తే గుండు ఉన్న చోట నేల చదునుగా ఉంది. ఓ పక్కన పలకలుగా చీల్చిన రాళ్ళు పేర్చారు, వాటి అంచుల్లో వరసగా డ్రిల్లు వేసిన గుంతలు కనిపిస్తున్నాయి. బయటికి బూడిద రంగులో ఉండే రాయి లోపల అంత గులాబీగా మెరుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. పగలగొట్టి మూడు వారాలైందని వాచ్‌మన్ చెప్పాడు. కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాను.

నీ చిన్నప్పుడు ఇంతింత రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎవరు పెట్టారని అడిగితే, భీముడు పెట్టాడని నానమ్మ చెప్పేది గుర్తుందా? నీ వెంట తిరగడం మొదలుపెట్టాకే నాకు అసలు సంగతి తెలిసింది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందటి గ్రానైట్ అది. భూమి లోపల ఉండగానే అడ్డంగా నిలువుగా పగుళ్ళిచ్చింది, ఆ పగుళ్ళలోకి నీరు దిగి మూలల్ని మెత్తబరిచింది. తర్వాత పైమట్టి కొట్టుకుపోతే గుండ్రటి రాళ్ళు ఎక్కడివక్కడే నిలబడి బయటపడ్డాయి. అన్ని కోట్ల ఏళ్ళు పట్టిన పనిని మూడు రోజుల్లో పలకలు చేశారు.

యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ ఆవరణలో ఉన్న మష్రూమ్ రాక్ లాంటి కొన్నింటికి వారసత్వ జాబితాలో పేరుంది. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి ఈ రాళ్ళ కోసం కొట్లాడుతున్నారు. మన ఏనుగు గుండు మాత్రం ఎవరి పట్టా భూమిలోనో ఉన్న మామూలు రాయి. దాని పేరు, కొలత, దాని మీద పట్టు ఎక్కడెక్కడ ఉండేదో రాసి ఉన్న చోటు మన గైడ్ ఒక్కటే. ఆ పేజీ కూడా తీసేస్తే అక్కడ రాయి ఉండేదని చెప్పేది ఇంకేమీ ఉండదు.

ఇదంతా నా బాధ అనుకుంటావేమో. గైడ్ ఎక్కేవాళ్ళ కోసం, మ్యూజియం కాదు అన్నావు. ఎక్కేవాళ్ళ వైపు నుంచే చూడు. పాత పేజీని ఫోన్‌లో దాచుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకేం తెలుసు? పేజీ లేకపోతే వాళ్ళు దారి తప్పామనుకుని ఆ రేకుల చుట్టూ తిరుగుతారు. ఇంకెవరో మనం రాయడం మర్చిపోయామనుకుని మళ్ళీ గైడ్‌లో చేరుస్తారు. "ఈ రాయి ఇప్పుడు లేదు" అని తేదీ వేసి ఉంటే అక్కడితో ఆగుతారు.

తేదీ గురించి నేనెందుకు ఇంత పట్టుబడతానో నీకు పూర్తిగా చెప్పలేదు. నువ్వు వెళ్ళిన మొదటి ఏడాది నీ నోటుబుక్‌లో ఉన్నవన్నీ ఇంట్లో కూర్చుని గైడ్‌లోకి ఎక్కించాను. ఒక రాయి కింద "పడే చోటు మెత్తటి మట్టి, చదును" అని నువ్వు రాసింది రాసినట్టే పెట్టాను. ఈలోగా ఎవరో అక్కడ ఇల్లు కూల్చిన పెళ్ళలు పోశారు, వానలకు గడ్డి పెరిగి అవి కనపడకుండా పోయాయి. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఆరడుగుల ఎత్తు నుంచి వాటి మీద పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. హాస్పిటల్‌కి వెళ్ళి చూశాను. నన్ను ఒక్క మాట అనలేదు. "చదునుగా ఉందని చదివి కింద పరిచే మ్యాట్ ఒకటే తెచ్చుకున్నాను అంకుల్" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు రాసినప్పుడు అది నిజమే. నేను వెళ్ళి చూడకుండా పెట్టాను, తప్పు నాది. అప్పటి నుంచి ప్రతి పేజీలో ఎవరు వెళ్ళారు, ఏ రోజు వెళ్ళారు, ఏం చూశారు అన్నవి ఉండాల్సిందే. చూడనిదాని పక్కన "చూడలేదు" అని రాస్తున్నాం.

మిగతా పని బాగానే నడుస్తోంది. గైడ్ రాసేవాళ్ళం ఇప్పుడు పదకొండుమందిమి ఉన్నాం. ఏ రాయి ఎక్కడం ఎంత కష్టమో చెప్పే గ్రేడ్‌ల గొడవ మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఒకరు వీ3 అంటారు, ఇంకొకరు వీ5 అని దిద్దుతారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారని నాకు ఆలస్యంగా అర్థమైంది. జనవరి పొద్దున చల్లటి రాయి చేతికి అతుక్కుంటుంది. మే నెలలో తొమ్మిదింటికే అరచేయి ఆనించలేం, చెమటకి జారుతుంది. అందుకని గ్రేడ్‌తో పాటు ఏ నెలలో ఎక్కారో కూడా రాయమంటున్నాను. ఎప్పుడూ పట్టుకునే రాతి పెచ్చుల్ని కూడా వేలి కణుపుతో కొట్టి చూడమని, డొల్లగా మోగితే పేజీలో పెట్టమని చెప్పాను. ఒక వడ్డెర పెద్దాయన నేర్పిన పరీక్ష అది.

పేర్ల విషయంలో నీకు చెప్పకుండా ఒక మార్పు చేశాను. చెరువు వెనక ఉన్న పెద్ద బండకి మీరంతా ఇంగ్లిష్‌లో ఏదో పేరు పెట్టుకున్నారు. అక్కడ మేకలు కాసే ఆయన దాన్ని తేనె బండ అంటాడు. మనం పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో పైన అంచుకింద మూడు పెద్ద తేనెపట్లు వేలాడాయి. ఏటా వస్తాయట. ఆ హెచ్చరిక పేరులోనే ఉంది, మనం అడగలేదంతే. ఇప్పుడు ఆయన చెప్పిన పేరే ముందు పెట్టాను, మీ పేరు దాని కింద ఉంది. గుడ్లగూబ గూడున్న బండని నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా మూసి ఉంచుతున్నాం. తీసేయలేదు చూడు, "ఇప్పుడు వెళ్ళొద్దు" అని రాశాం.

భువనగిరి వెళ్ళొచ్చిన పిల్లలు, తాడు తగిలించేందుకు బండకి బిగించిన ఒక హ్యాంగర్ చేత్తో తిప్పితే తిరుగుతోందని, దాని కింద తుప్పు మరక ఉందని ఫొటో పెట్టారు. వెంటనే ఆ దారికి ఎర్ర గుర్తు వేశాను. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన పూర్ణ, ఆనంద్ మొదట తాడు కట్టుకుని నేర్చుకున్న బండ అది. దాన్ని చూసి ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. తిరిగే హ్యాంగర్ సంగతి వాళ్ళు అక్కడికి చేరేలోపే తెలియాలి.

నువ్వే రాశావు, జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర ఎల్బే నది ఒడ్డున ఇసుకరాతి శిఖరాలు ఎక్కితే పైన పెట్టెలో ఒక పుస్తకం ఉంటుందని, ఎక్కినవాళ్ళంతా అందులో పేరు, తేదీ రాస్తారని. తడిసిన ఇసుకరాయి విరుగుతుందని వాన పడ్డాక ఎవరూ ఎక్కరని కూడా రాశావు. రాయి మీద అంత మర్యాద ఉన్నవాళ్ళు, రేపు అందులో ఒక శిఖరం కూలితే దాని పుస్తకాన్ని పారేస్తారంటావా? మన గుండు మీద పెట్టె లేదు బిడ్డా. పేజీ ఉంది.

ఆ పేజీలో మొదటి మాటలు నీవి. పద్నాలుగేళ్ళప్పుడు రాశావు. "ఎడమ కాలు తొండం మీద పెట్టి కుడి చెయ్యి నెర్రెలో దూర్చాలి. పైన పట్టు లేదు. నమ్మి లేవాలి." వేసవి సెలవులంతా రోజూ పడి, చివరికి లేచావు. కింద చేతులు చాచి నిలబడ్డది నేనే.

అందుకని దాన్ని ఉంచాను. పైన "లేదు" అని, నేను వెళ్ళి చూసిన తేదీ వేశాను. నీకు ఇంకా కుదరదనిపిస్తే మళ్ళీ మాట్లాడుకుందాం, గైడ్ మొదలుపెట్టింది నువ్వు కాబట్టి నీ మాట కాదని ఏదీ చేయను.

పడమటి వైపు ఫొటో మాత్రం మన దగ్గర సరైనది లేదు. ఉన్నవాటిలో ఎండ ఎదురుగా పడి తొండం కనపడట్లేదు. నీ పాత ఫోన్‌లో సాయంత్రం తీసినవి రెండు ఉండాలి, వెతికి పంపు. దాని మీద ఎక్కే దారి గీతలు నేను గీస్తాను.

నాన్న