హోయాకు రోజూ నీళ్లు పోయమని రాయకండి

ఎడిటర్ గారికి,

మీ ఆదివారం పేజీలో ఇంట్లో పెంచే మొక్కల గురించి రాస్తూ, హోయా తేమ ఇష్టపడే మొక్క కాబట్టి వేసవిలో రోజూ నీళ్లు పోయాలని చెప్పారు. గాలిలో తేమ ఉంటే దానికి ఇష్టమన్నది నిజమే, కుండీలో తడి నిలిస్తే మాత్రం అస్సలు పడదు. ఈ రెండూ కలిపి రాసేస్తే మా అనంతపురంలో చదివినవాళ్లు ఏం చేస్తారు? ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా, ఏప్రిల్‌లోనే 40 డిగ్రీలు దాటే ఎండ, పాపం మొక్కకు దాహమేస్తుందని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఇంకో చెంబు పోస్తారు. కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. మన ఎండకు ఇది బతకదులే అని కుండీ తీసి గోడవారన పడేస్తారు. మా వీధిలో అట్లా పడేసిన మొక్కను పీకి చూశాను, వేళ్లు నల్లబడి చేతికి జిగటగా ఊడొచ్చాయి. ఎండకు పోయిన మొక్క వేళ్లు అట్లా ఉండవు.

హోయా అడవుల్లో చెట్ల బెరడు పట్టుకుని పాకే తీగ, మన పడమటి కనుమల్లోనూ కొన్ని రకాలున్నాయి. వాన పడితే వేళ్లు తడుస్తాయి, గాలి తగిలితే ఆరిపోతాయి, మళ్లీ వాన వచ్చేదాకా బతకడానికి మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది. మన జిల్లేడుది కూడా ఇదే కుటుంబం. అట్లాంటి హోయాను ఉత్త ఎర్రమట్టిలో పెడితే ఆ మట్టి గట్టిపడి గాలి ఆడదు, నంద్యాల వైపు నల్లరేగడి అయితే తడే వదలదు. కొబ్బరిపొట్టులో బొగ్గు ముక్కలు, చిన్న చిన్న ఇటుక పెంకులు కలిపి, కింద చిల్లున్న చిన్న కుండీలో పెట్టాలి.

నీళ్లు ఎప్పుడు పోయాలో తెలియాలంటే ముదురు ఆకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా వంచండి. బిర్రుగా ఉంటే ఇంకా ఆగొచ్చు. మెత్తగా వంగి సన్నటి ముడతలు కనిపిస్తూ, కుండీ లోపల కూడా ఆరిపోయి ఉంటే అప్పుడు చిల్లులోంచి కారేదాకా పోయండి. ఆకు ముడతలు పడింది కానీ మట్టి తడిగానే ఉందంటే వేరు కుళ్లినట్టే, ఇక నీళ్లు ఆపేసి, బాగున్న తీగను రెండు మూడు కణుపులతో కత్తిరించి మళ్లీ నాటుకోవాలి.

మా బోరు నీళ్లకు కుండీ అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు ఇంకా అన్యాయం, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. పట్టి పెట్టుకున్న వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు మంచివి.

తూర్పు కిటికీ అయితే బంగారం. పడమటి కిటికీలో కడప బండ మీద మాత్రం పెట్టొద్దు, మధ్యాహ్నం ఆ బండ మీద మనమే చెయ్యి ఆనించలేం. కూలర్ ఉన్న గదిలో గాలి సూటిగా కొట్టకుండా ఓ పక్కన పెడితే సంతోషంగా పెరుగుతుంది.

ఇంకొకటి, పూలు వాడగానే కాడతో సహా కత్తిరించమన్నారు. దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. హోయా మళ్లీ పూసేది ఆ పాత కాడకే, అది తీసేస్తే కొత్త కాడ వచ్చేదాకా ఆ చోట పూలుండవు. రాత్రిపూట ఇల్లంతా వాసన వచ్చే ఆ నక్షత్రాల్లాంటి పూలగుత్తి కోసమే కదా ఇంత ఓపిక పట్టేది! ఆకుల్లేకుండా పొడుగ్గా సాగిన తీగ కొసలను కూడా కత్తిరించకూడదు, ఆకులు తర్వాత వస్తాయి.

ప్రేమికుల రోజుకు హృదయాకారంలో ఒంటి ఆకు నాటిన కుండీలు అమ్ముతారే, అదీ హోయానే. కణుపు లేని ఆకు వేళ్లు వేసి ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది, తీగ మాత్రం సాగదు. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పి అమ్మాలి, పిల్లలు దాచుకున్న డబ్బులతో కొంటుంటారు.

వేసవి ముదరకముందే వచ్చే ఆదివారం పేజీలో నీళ్ల గురించి, కాడ గురించి సవరణ వేయండి. ఈసారి రాసేటప్పుడు మా సీమ ఎండను, బోరు నీళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని రాయించండి.

— ఒక పాఠకురాలు, అనంతపురం