పులి-మేక అమ్మింది నేనే, మీ 99 రూపాయలు వెనక్కి ఇచ్చేదీ నేనే

అనంతపురం పాతూరులో మా ఆటసామాన్ల అంగడికి వచ్చేవాళ్ళకూ, అంగడి మొహం చూడకపోయినా మా పులి-మేక ఫోన్లో ఆడినవాళ్ళకూ కలిపి రాస్తున్నా. మూడు వారాలుగా గల్లా దగ్గరికి వచ్చినవాళ్ళు స్ట్రైకరో, షటిల్ కాకో అడగడం లేదు. "ఏమప్పా, అమ్ముకుంటివంట గదా?" అనే అడుగుతున్నారు. ప్లే స్టోర్‌లో ఆట కింద ఒక్క చుక్క రేటింగులు వరసపెట్టి పడుతున్నాయి. వాటిలో సగం కంపెనీని తిట్టినవి కావు, నన్ను తిట్టినవి.

అవును, అమ్మాను. ఉగాదికి ముందు, బెంగళూరు కంపెనీ ఒకదానికి. మీకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ మాట నిజం.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. 2020 లాక్‌డౌన్లో అంగడి మూసుకుని కూర్చున్నప్పుడు, ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకూ నేనూ కలిసి ఈ ఆట చేశాం. కోడ్ వాడిది, పంతం నాది. కార్టూన్ బొమ్మ పులి పెట్టకూడదని నా పట్టు. అందుకే మన నిమ్మలకుంట తోలుబొమ్మల తీరులో, ఒంటినిండా చిల్లుల పనితో పులిని గీయించా. మేకను దింపినప్పుడు మోగే గంట కళ్యాణదుర్గం దారిలో ఒక మందలో రికార్డు చేసింది. ఆ గంటే అడిగి కొనుక్కొచ్చుకున్నా కూడా. ఇద్దరు మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని ఒకే బోర్డు మీద ఆడాలంటే సర్వరు రాత్రింబవళ్ళు నడవాలి. ఆడేవాళ్ళు పెరిగేకొద్దీ దాని బిల్లు పెరిగింది. పోయిన ఏడాది దసరాకల్లా అది అంగడి బాడుగను దాటింది. "ఇంటి కరెంటు బిల్లు కడతావు సరే, ఊరోళ్ళ ఆటకు గూడ మనమే కట్టల్నా?" అంది ఇంట్లో ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

అమ్మాలా, ఆపేయాలా? దీని మీద నేను పడ్డ యాతన మీకెవరికీ కనపడలేదు కాబట్టి చెప్తున్నా. జనవరిలో వారం రోజులు మా మేనల్లుడూ నేనూ పొద్దున ఉగ్గాని-బజ్జి దగ్గర మొదలుపెట్టి రాత్రి షట్టరు దించేదాకా వాదించుకున్నాం. నాకు వర్డిల్ కథ ధైర్యమిచ్చింది. జోష్ వార్డిల్ అనే ఒక్క మనిషి చేసిన మాటల ఆట అది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. పదాలు కష్టం చేశారని జనం గోల పెట్టారు గానీ, జాబితా ఆయన నాటిదే, వాళ్ళు కొన్ని పదాలు తీసేశారంతే. మారేటప్పుడు కొంతమందికి గెలుపుల లెక్క పోయింది. అయినా రోజుకో పదం, ఆరు అవకాశాలు, ఆ ఆట ఆటలాగే ఉంది. మనదీ అట్లాగే ఉంటుంది కదా అన్నా.

మావాడు రాకెట్ లీగ్ తీశాడు. కార్లతో ఫుట్‌బాల్ ఆడే ఆట. దాన్ని చేసిన సైయోనిక్స్‌ను 2019లో ఎపిక్ అనే పెద్ద ఆటల కంపెనీ కొంది. 2020 సెప్టెంబరులో ఆట ఉచితం చేశారు, అదే దెబ్బకు స్టీమ్ అనే ఆటల ఆన్‌లైన్ అంగడిలో కొత్తవాళ్ళకు దొరక్కుండా పోయింది. 2023 డిసెంబరులో ఆడేవాళ్ళు ఒకరి సామాను ఒకరు మార్చుకునే వీలే తీసేశారు. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నవాళ్ళు లబలబలాడారు. "నాలుగేళ్ళు పట్టింది మామా, అంత పెద్ద ఆటకు. మనది చిన్నది, నాలుగు నెలలు చాలు" అన్నాడు. వాడి లెక్క తప్పింది. మూడు నెలలే పట్టింది.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. మీరట్ నుంచి క్యారమ్ బోర్డుల లోడు వస్తే, నాలుగు మూలలూ దారం పెట్టి కొలవనిదే దించుకోనివాణ్ణి నేను. అట్లాంటివాణ్ణి, బెంగళూరు ఆఫీసులో చల్లటి గదిలో కూర్చోబెట్టి "సార్, నియమాలు ముట్టుకోం" అని ఇద్దరు కుర్రాళ్ళు నవ్వుతూ చెప్తే నమ్మాను. ఒప్పందం పదకొండో పేజీలో "అవసరాన్ని బట్టి ఆట తీరులో మార్పులు చేసే పూర్తి హక్కు" అని ఉంది. చదివాను కూడా. నోటిమాట ఇచ్చారు కదా అనుకున్నా. మా నాయన కాలంలో అంగళ్ళలో నోటిమాట మీద లక్షల సరుకు మారేది. ఆ కాలం కాదని నాకు తెలియదా? తెలుసు. అయినా సంతకం పెట్టా.

తర్వాత ఏం చేశారో మీకు తెలుసు. తోలుబొమ్మ పులి పోయి, పళ్ళికిలించే బొమ్మ పులి వచ్చింది. అది నేను ఓర్చుకోగలను. ఐదు ఆటలయ్యాక అరగంట ఆగమంటున్నారు. అదీ సరే, బిల్లు ఎంతవుతుందో నాకు తెలుసు కదా. ఓర్చుకోలేనిది 49 రూపాయల పులి. డబ్బు కడితే మూడు ఎత్తుల పాటు పులి ఒకేసారి రెండు మేకల మీంచి దూకుతుంది.

ఆడనివాళ్ళకు ఇదేమంత ఘోరమో అర్థం కాదు. బోర్డు మీద 23 చుక్కలు, 3 పులులు, 15 మేకలు. పులి పక్కనున్న మేకను దూకి చంపాలంటే, గీత వెంబడి ఆ మేక వెనక చుక్క ఖాళీగా ఉండాలి. అందుకే మేకల చేతిలో ఉన్న ఒకే ఒక్క విద్య జంట కట్టడం. ఒకదాని వెనక ఇంకోటి నిలబడితే పులి ఏమీ చేయలేదు. పదిహేనూ దింపేదాకా ఏ మేకా కదలడానికి లేదు, కాబట్టి మొదటి మేక నుంచే ఈ జంటల లెక్క వేసుకోవాలి. మెల్లగా జంటలు గోడవుతాయి, గోడ దొడ్డి అవుతుంది, పులులు మూడూ అందులో ఇరుక్కుంటాయి. పంజా లేని జంతువు పంజా ఉన్నదాన్ని గెలిచే దారి అదొక్కటే. రెండు మేకల మీంచి దూకే పులి వచ్చిందంటే జంటకు అర్థం లేదు. ఇంక మేకలు దింపడం కాదు, మేత వేయడం.

మన ఆటలో మేకలతో ఆడితే ఎవరికీ లొంగని రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఆయన అంగడికి వచ్చి, మాట్లాడకుండా ఫోను గల్లాపెట్టె మీద పెట్టారు. ఆట సగంలో ఉంది. కింది వరసలో రెండు మేకలు ఒకదాని వెనక ఒకటి, మూడో చుక్క ఖాళీ. ఆయన చూస్తుండగానే అవతలివాడి పులి ఎగిరి ఆ ఖాళీలో కూర్చుంది. రెండు మేకలూ పోయాయి. తెర మీద బంగారు కాసులు రాలాయి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "జంట కట్టినా నేను. జంట కట్టినాక గూడ పోతే, ఇంక మేకలు ఎట్ల బతకల్లప్పా?" అన్నారు. తిట్టుంటే బాగుండేది.

ఆ రాత్రే కంపెనీకి ఫోను చేశా. "మేకలకు కూడా త్వరలో ఒక పవర్ ఇస్తాం సార్" అన్నారు. ఆ మాటకు నేనేమన్నానో ఇక్కడ రాయలేను.

ఇక మీకు రావాల్సిన డబ్బు. జీవితాంతం ప్రకటనలు రావని నేను చెప్తే 612 మంది 99 రూపాయలు కట్టారు. కొత్త యజమాని వచ్చాక వాళ్ళకూ ప్రకటనలు వస్తున్నాయి. "పాత ప్లాన్లు మాకు వర్తించవు" అంటున్నారు. మాట ఇచ్చింది నేను, వాళ్ళు కాదు. మీరు కట్టిన 99లో 15 శాతం గూగుల్ పట్టుకోగా నా చేతికి వచ్చింది 84 రూపాయల చిల్లర, కానీ 99కి 99 ఇస్తా. మీ మెయిల్లో జీపీఏ అని మొదలయ్యే ఆర్డరు నంబరు ఉంటుంది. అది అంగడిలో చూపించండి, లేదా అంగడి వాట్సాప్‌కు పంపండి. ఫోన్‌పే చేస్తా. అందరికీ కలిపి 60,588 రూపాయలు. ఒకేసారి కాదు, వారానికి యాభై మందికి. కోట్లు దండుకున్నాడని రాసినవాళ్ళు ఈ వరసలో తమ వంతు కోసం ఎదురుచూస్తే ఎవరి దగ్గర ఎంతుందో అర్థమవుతుంది.

పందేలు కూడా పెట్టిస్తారేమోనని కొందరు భయపడ్డారు. అది కుదరదు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలకు 2020లోనే నిషేధం పెట్టారు, 2025లో కేంద్రమూ చట్టం చేసింది.

ఇంకో పులి-మేక చేయమంటున్నారు. మూడేళ్ళ దాకా చేయకూడదని ఒప్పందం. సంతకం నాదే, తప్పను. ఆట తీసేయమని గానీ, రేటింగు తగ్గించమని గానీ మీకు చెప్పను. అమ్మినందుకు క్షమాపణ కూడా చెప్పను. ఆపేసి ఉంటే మీకు ఈ కోపం కూడా మిగిలేది కాదు. మీకు చెప్పకుండా అమ్మినందుకు మాత్రం క్షమించండి.

చివరగా ఒకటి. మేకను దింపితే గంట మోగడం లేదని, అది కూడా కంపెనీవాళ్ళే పీకేశారని తిడుతున్నారు. ఆ ఒక్క పాపం వాళ్ళది కాదు. అమ్మిన వస్తువుల జాబితాలో కోడ్ ఉంది, బొమ్మలున్నాయి, శబ్దాల గురించి ఒక్క మాట లేదు. లాయరుతో నోటీసు ఇప్పించి నేనే తీయించా. రెండు మేకలు మింగే పులి ఉన్న చోట ఆ గంట మోగడం నాకిష్టం లేదు.

అసలు గంట ఇప్పుడు అంగడి తలుపుకు కట్టి ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అరుగు మీద బోర్డులు వేస్తున్నాం. అరుగు మీద ఆడకూడదని ఒప్పందంలో ఎక్కడా లేదు, ఈసారి ప్రతి పేజీ చూశా. బోర్డులు నాలుగే, ముందొచ్చినవాళ్ళకు ముందు. మాస్టారు మూడున్నరకే వస్తామన్నారు.